మందు వెనకాల మనిషి: ఎల్లాప్రగడ సుబ్బారావు

హాస్టల్ మిత్రులకు, వార్డెన్ మాస్టారికి నమస్కారములు.

పోయిన చలికాలం నా దగ్గుతో మీ అందరికీ నిద్ర లేకుండా చేశాను. ఇంటికి పంపించేస్తారేమోనన్న భయంతో వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం వచ్చింది. పచ్చని కళ్లె పడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మాస్టారే ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గారు ఛాతీ విని, ఊపిరి గొట్టాలు వాచాయి, దీన్ని బ్రాంకైటిస్ అంటారని చెప్పారు. ఎక్కువ మందికి ఇది వైరస్ వల్లే వస్తుందట. దానికి యాంటీబయాటిక్ పని చెయ్యదు, విశ్రాంతి చాలు. నాకు మాత్రం బాక్టీరియా కూడా చేరిందని ఐదు రోజుల మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకే హాయిగా ఉందని మిగతావి ట్రంకుపెట్టెలో దాచేశాను. ఆరో తరగతి చదివే మా తమ్ముడు దగ్గుతుంటే వాడికి ఇచ్చేద్దామనుకున్నాను.

అప్పుడే లైబ్రరీలో సుబ్బారావు గారి జీవితం చదివాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవ్వలేదు. పరీక్ష పోయిందని ఏడ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. అది తిన్నది ఒంటపట్టనివ్వని రోగం. అప్పట్లో దానికి సరైన మందు లేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టారని ఒక దొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ రాలేదు, చిన్న డిగ్రీయే ఇచ్చారు. అయినా అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తి, హార్వర్డులో చదివారు.

తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపించారు. అక్కడే ఫోలిక్ యాసిడ్ తయారైంది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది మందయ్యింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు రాకుండా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. ఆయన దగ్గరే పనిచేసిన డగ్గర్ గారు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఊపిరితిత్తుల్లో చేరే ఎన్నో బాక్టీరియాలకి అది విరుగుడు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. నోబెల్ రాలేదు, పేరూ అంతగా రాలేదు.

ఇది చదివాక ట్రంకుపెట్టె తెరవాలంటే సిగ్గేసింది. మందు లేక ఆయన అన్నదమ్ములు పోయారు. నేనేమో ఉన్న మందుని సగం వాడి పడేశాను. పైగా డాక్టరు చూడకుండా తమ్ముడికి పెట్టబోయాను. ఇలా వాడితే బాక్టీరియా మొండికేసి, రేపు ఆ మందుకి లొంగవట. మాత్రలు నర్సమ్మ గారికి ఇచ్చేసి, జరిగింది చెప్పాను. తమ్ముడిని చూసి వాడిది వైరస్ దగ్గేనన్నారు. ఏ యాంటీబయాటిక్కూ లేకుండానే తగ్గింది.

కాబట్టి మిత్రులారా, దగ్గు దాచకండి. రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోవాలి, అది టీబీ కావచ్చు. ఆయాసం వచ్చినా, కళ్లెలో రక్తం పడినా ఆ రోజే చెప్పాలి. డాక్టరు రాసిన మందు చెప్పినన్ని రోజులూ మింగండి, ఇంకొకరికి పంచకండి.

మాస్టారూ, మాత్రలు దాచిన సంగతి మీకు ఇప్పుడే చెబుతున్నాను. క్షమించండి.

ఇట్లు
మీ మిత్రుడు, 9వ తరగతి