అచ్చమాంబ కథ, అందులో లేని మన అమ్మమ్మలు

తెలుగులో తొలి కథ ఏదని అడిగితే చాలామంది గురజాడ ‘దిద్దుబాటు’ పేరే చెబుతారు. అది 1910 నాటిది. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయింది. ఆడమనిషి రాసింది కాబట్టే దాన్ని లెక్కలోకి తీసుకోలేదని మేమంటాం.

అచ్చమాంబ మన కృష్ణా జిల్లా బిడ్డే. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. గన్నవరంలో ఉన్న మాకు అదేం దూరం కాదు, బెజవాడ దాటి నందిగామ దారి పట్టడమే. ఆరేళ్లకు తండ్రి పోయాడు. పదేళ్లకు, భార్య చనిపోయిన మేనమామ మాధవరావుకిచ్చి పెళ్లి చేశారు. బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. తెలుగు, హిందీతో మొదలుపెట్టి మరాఠీ, బెంగాలీ, గుజరాతీ దాకా వెళ్లింది. కన్న పిల్లలిద్దరూ పోయినా కలం వదల్లేదు.

‘ధనత్రయోదశి’లో భర్త ఒక వ్యాపారి దగ్గర గుమాస్తా. పండగ ఖర్చుకని యజమాని డబ్బు తీసుకొస్తాడు. భార్య వద్దని తిప్పి పంపుతుంది. చివర్లో షావుకారు మంచితనం మాకంతగా మింగుడుపడదు. మొగుడికి బుద్ధి చెప్పే పేదింటి భార్యను 1902లో నిలబెట్టడం మాత్రం చిన్న సంగతి కాదు.

ఆడవాళ్లు అబలలు, చదువుకు పనికిరారు అనేవాళ్లకు జవాబుగా ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905 జనవరి 18న, ముప్పై ఏళ్లకే కన్నుమూసింది.

మా పేచీ ఇక్కడే. రత్నమాలలో రాణులు, పండితురాళ్లే ఎక్కువ. డెల్టా మడుల్లో నాట్లేసిన మాల, మాదిగ ఆడవాళ్లకు అందులో చోటు లేదు. బ్రాహ్మణ ఇంట్లో ఆమెకు బడి లేకపోయినా, చదువుకునే తమ్ముడున్నాడు. వాడలో ఆ తమ్ముడికీ బడి లేదు. అలాగని దళిత స్త్రీలు రాయలేదనుకోవద్దు. అచ్చమాంబ పుట్టడానికి 19 ఏళ్ల ముందే, 1855లో, ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ పిల్ల ముక్తాబాయి తన జాతి దుఃఖాన్ని రాసింది. అమెరికాలో నల్లజాతి స్త్రీ హ్యారియెట్ విల్సన్ నవల 1859లో వచ్చి, నూరేళ్లకు పైగా మరుగునపడింది.

తెలుగులో దళిత స్త్రీల రాతలను వెతికి గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనం తెచ్చింది. అందులో తాడి నాగమ్మ ఉంది. ఆ సంకలనం 1921 నుంచి మొదలవుతుంది. అప్పటికి అచ్చమాంబ పోయి 16 ఏళ్లు.