గని కార్మికుల చందా నుంచి దేశమంతటి వైద్యం దాకా: అనైరిన్ బెవన్ జీవితం

బ్రిటన్‌లో 1948 జూలై 5న ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. ఆ రోజు నుంచి జబ్బు చేసిన మనిషి డాక్టరు గుమ్మం ఎక్కే ముందు జేబు తడుముకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. ధనికుడైనా పేదవాడైనా చికిత్స ఒక్కటే, ఖర్చు ప్రభుత్వానిది. దాని పేరు నేషనల్ హెల్త్ సర్వీస్. తెలుగు నేల మీద వైద్యం చదివి బ్రిటన్ వెళ్లిన మన డాక్టర్లలో చాలామంది పనిచేసింది ఈ సంస్థలోనే. అందుకే ఆ పేరు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. దాన్ని నిలబెట్టిన మనిషి గురించి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆయన అనైరిన్ బెవన్. అయినవాళ్లకు 'నై'. పదమూడేళ్లకే బడి మానేసి బొగ్గు గనిలోకి దిగిన వేల్స్ కుర్రవాడు. వేల్స్ బ్రిటన్‌లో పడమటి వైపున్న చిన్న దేశం. దానికి తనదంటూ ఒక పాత భాష ఉంది, పాటలున్నాయి, కవులున్నారు. చుట్టూ ఉన్నది మాత్రం ఇంగ్లీషు. పెద్ద భాష నీడలో చిన్న భాష బతకడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

పేరులో ఉన్న భాష, నోట లేని భాష

బెవన్ 1897 నవంబర్ 15న దక్షిణ వేల్స్‌లోని ట్రెడీగర్‌లో పుట్టారు. బొగ్గు, ఇనుము చుట్టూ పెరిగిన ఊరది. తండ్రి డేవిడ్ గని కార్మికుడు, తల్లి ఫీబీ కుట్టుపని తెలిసిన మనిషి. పదిమంది సంతానంలో అనైరిన్ ఒకరు.

తండ్రికి వెల్ష్ భాషంటే, పాటంటే, పుస్తకమంటే ప్రాణం. కొడుకుకు పెట్టిన పేరు కూడా అచ్చమైన వెల్ష్ పేరే. ఆరో శతాబ్దపు వెల్ష్ కవి అనైరిన్‌ది ఆ పేరు. అయినా పిల్లలు పెరిగింది ఇంగ్లీషులోనే. బడిలో ఇంగ్లీషు, గనిలో ఇంగ్లీషు, వీధిలో ఇంగ్లీషు. తండ్రి భాష పేరు దగ్గరే ఆగిపోయింది. మన ఇళ్లలో ఇంటిపేరు తెలుగులో ఉండి, మనవడు తెలుగు అక్షరం పోల్చుకోలేకపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఈ సంగతి దగ్గరికి చివర్లో మళ్లీ వద్దాం.

బడి ఆయనకు కలిసి రాలేదు. నత్తి ఉండేది. ఎడమచేతి వాటం. చదువులో వెనకబడ్డ పిల్లవాడి కిందే లెక్క. పదమూడేళ్లకు టై ట్రిస్ట్ బొగ్గు గనిలో అన్న వెంట పనికి చేరారు. అసలు చదువు ఆ తర్వాతే మొదలైంది. ట్రెడీగర్ కార్మికులు తమ సొంత డబ్బుతో నడుపుకునే గ్రంథాలయం ఒకటుండేది. పగలంతా గనిలో పని, రాత్రి ఆ పుస్తకాలు. నత్తిని దాటడానికి ఒంటరిగా కొండల మీద నడుస్తూ గట్టిగా మాట్లాడటం సాధన చేశారు. ఒక మాట పలకడం కష్టమైతే దానికి బదులు మరో మాట వెతుక్కునేవారు. అలా పోగైన మాటలే తర్వాత పార్లమెంటులో ఆయన ఆస్తి అయ్యాయి.

పని లేని మూడేళ్లు

ఇరవై ఏళ్లు నిండకముందే ఆయన తన గని కార్మిక సంఘ శాఖకు నాయకుడయ్యారు. 1919లో దక్షిణ వేల్స్ గని కార్మికుల సమాఖ్య ఇచ్చిన ఉపకార వేతనంతో లండన్‌లోని సెంట్రల్ లేబర్ కాలేజీలో చేరి రెండేళ్లు చదివారు. 1921లో ఊరికి తిరిగి వస్తే గని కంపెనీ పని ఇవ్వలేదు. సంఘం పెట్టి గొంతెత్తేవాడు యజమానులకు ఎందుకు?

దాదాపు మూడేళ్లు ఖాళీగా గడిచాయి. మధ్యలో నిరుద్యోగ భృతి కూడా ఆగిపోయింది. ఇంట్లో చెల్లెలు సంపాదిస్తోంది కదా, ఆమె మీద ఆధారపడవచ్చన్నది అధికారుల లెక్క. చెల్లెలి జీతం మీద బతకమని సర్కారు చెప్పడం ఎదిగిన మగవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పేదవాడికి చేసే సాయం అతని పరువు తీసి చేయకూడదన్న పట్టుదల ఆయనలో జీవితాంతం కనిపిస్తుంది. దాని వేరు ఇక్కడే ఉందని మేమనుకుంటున్నాం.

1925లో తండ్రి చనిపోయారు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్ని తినేసింది. కొడుకు చేతుల్లోనే ప్రాణం పోయింది. పరిహారం ఒక్క పెన్నీ రాలేదు. ఆ రోగం అప్పటి చట్టంలో పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో లేదు మరి.

మరుసటి ఏడాది, 1926 మే నెలలో, దేశవ్యాప్త సార్వత్రిక సమ్మె జరిగింది. మిగతా సంఘాలు తొమ్మిది రోజులకు విరమించాయి. గని కార్మికులు మాత్రం ఒంటరిగా నెలల తరబడి నిలబడి, చివరికి ఆకలికి ఓడిపోయారు. ట్రెడీగర్‌లో ఆ రోజుల్లో కార్మికుల తిండి, సాయం చూసుకున్నవాళ్లలో బెవన్ ముందున్నారు. సమ్మెతో మాత్రమే గెలవలేం, చట్టాలు చేసే చోటికి చేరాలి అన్న ఆలోచన ఆ ఓటమి నుంచి బలపడింది. 1929 ఎన్నికల్లో ఎబ్బు వేల్ నియోజకవర్గం నుంచి లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లారు. చనిపోయే దాకా, 31 ఏళ్లపాటు, ఆ స్థానం ఆయనదే.

పౌనుకు మూడు పెన్నీలు

ఇక్కడ ట్రెడీగర్ వాళ్ల ఒక సంస్థ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కథకు ప్రాణం అదే.

1890లో ఆ ఊరి కార్మికులు ఒక వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. జీతంలో ప్రతి పౌనుకు మూడు పెన్నీలు చందా. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు కాబట్టి, వందకు రూపాయి పావలా అన్నమాట. ఆ డబ్బుతో డాక్టర్లను, సర్జన్‌ను, పళ్ల డాక్టరును, నర్సులను సంఘమే జీతానికి పెట్టుకుంది. చందా కట్టేవాడికే కాదు, అతని భార్యాపిల్లలకూ వైద్యం. క్రమంగా గని కార్మికులు కానివాళ్లనూ చేర్చుకున్నారు. చివరికి ఊళ్లో నూటికి 95 మంది దాని నీడలోకి వచ్చారు.

మన దేశంలో అదే 1948లో వచ్చిన ఈఎస్‌ఐ చట్టం కింద జీతంలో కోత, దానికి బదులు వైద్యం అన్న పద్ధతి మన మిల్లు కార్మికుల ఇళ్లకు తెలుసు. ట్రెడీగర్‌లో తేడా ఏమిటంటే, డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో, ఏ డాక్టరును పెట్టుకోవాలో కార్మికులు ఎన్నుకున్న కమిటీయే తేల్చేది. బెవన్ కూడా ఆ ఊరి ఆస్పత్రి కమిటీలో పనిచేశారు. ఎ.జె. క్రోనిన్ అనే యువ డాక్టరు 1920ల మొదట్లో ఈ సంఘంలోనే ఉద్యోగం చేశారు. ఆ వేల్స్ అనుభవంతో 1937లో ఆయన రాసిన 'ది సిటడెల్' నవల బ్రిటన్ వైద్యంలోని లోపాలను లక్షలమంది ముందు పెట్టింది.

మంత్రి కుర్చీలో గని కార్మికుడు

పార్లమెంటులో బెవన్ ఎవరికీ లొంగే రకం కాదు. 1939లో సొంత పార్టీయే కొన్ని నెలలపాటు బహిష్కరించింది. ఆయనతోపాటు బయటికి పోయిన నాయకుడు స్టాఫర్డ్ క్రిప్స్. 1942లో మన దేశానికి రాయబారం తెచ్చిన క్రిప్స్ ఆయనే. యుద్ధకాలంలో చర్చిల్ మాట ఎత్తడానికే జనం జంకుతుంటే, బెవన్ సభలో నిలబడి ఆయన్ను నిలదీసేవారు.

1945లో లేబర్ పార్టీ ఘనవిజయం సాధించింది. ప్రధాని అట్లీ నలభై ఏడేళ్ల బెవన్‌కు ఆరోగ్యశాఖ ఇచ్చారు. గృహనిర్మాణమూ ఆయన కిందే. మన దేశానికి స్వాతంత్ర్యం ఇచ్చిన మంత్రివర్గం ఇదే, అందులో బెవన్ ఒక సభ్యులు. నెహ్రూతో ఆయనకు మంచి స్నేహం.

అప్పటి వరకు ఆస్పత్రుల్లో కొన్ని ధర్మసంస్థలవి, కొన్ని స్థానిక సంస్థలవి. కొన్ని దివాలా అంచున ఉన్నాయి. మొత్తం 2,688 ఆస్పత్రులను బెవన్ ప్రభుత్వం కిందికి తెచ్చారు. చట్టం 1946లో వచ్చింది. అసలు పోరాటం డాక్టర్లతో. తాము సర్కారు నౌకర్లం అయిపోతామని వాళ్ల భయం. 1948 ఫిబ్రవరిలో వైద్యుల సంఘం ఓటింగు పెడితే పదిమందిలో తొమ్మిదిమంది వద్దన్నారు. ప్రారంభానికి ఐదు నెలలు కూడా లేవు.

కార్మిక సంఘంలో బేరసారాలు నేర్చిన మనిషి ఇక్కడ అక్కరకొచ్చారు. పెద్ద ఆస్పత్రుల నిపుణులకు మంచి జీతం, సొంత రోగుల్ని చూసుకునే వెసులుబాటు ఇచ్చి తన వైపు తిప్పుకున్నారు. ఊళ్లలోని డాక్టర్లను నెల జీతగాళ్లుగా మార్చబోమని చట్టంలోనే రాసిచ్చారు. ఒక్క విషయంలో మాత్రం తగ్గలేదు. వైద్యం అందరికీ, ఉచితంగా, మొదటి రోజు నుంచే. జూలై 5 వచ్చేసరికి జనంలో అత్యధికులు పేర్లు నమోదు చేయించుకున్నారు, డాక్టర్లూ చేరారు. ఏళ్ల తరబడి నొప్పిని ఓర్చుకున్న ఆడవాళ్లు, కళ్లజోడు కొనలేక మసక చూపుతో పనిచేసినవాళ్లు, పళ్లు పోయి గంజితో సరిపెట్టుకున్న ముసలివాళ్లు బారులు తీరారు. ఇంతమంది ఇన్నాళ్లూ జబ్బుల్ని దాచుకుని బతికారా అని దేశమే నివ్వెరపోయింది.

ఇళ్ల విషయంలోనూ ఆయనది ఇదే పట్టు. పేదవాళ్లకు కట్టే ఇల్లు కదా అని ఇరుకుగా కట్టడానికి ఒప్పుకోలేదు. అద్దె ఇంటి విస్తీర్ణాన్ని 750 చదరపు అడుగుల నుంచి 900కు పెంచారు. దాంతో ఇళ్ల సంఖ్య ఆలస్యంగా పెరిగిందని విమర్శ వచ్చినా వెనక్కి తగ్గలేదు.

లోపాలు, ఒంటరితనం

ఆయనలో లోపాలు లేవని మేము అనడం లేదు. నోరు పదును. వైద్య సేవ మొదలయ్యే ముందు రోజే ఒక సభలో కన్జర్వేటివ్ పార్టీని పురుగుల కన్నా హీనమని తిట్టారు. ఆ మాట ఏళ్లపాటు ఆయన్నూ పార్టీనీ వెంటాడింది. మందుల చీటీకి రుసుము పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన 1949 చట్టానికి ఇష్టం లేకుండానే తలూపారు.

1951లో కొరియా యుద్ధం వేళ ఆయుధాల ఖర్చు పెరిగింది. ఆర్థికమంత్రి గేట్‌స్కెల్ కట్టుడు పళ్లకు, కళ్లజోళ్లకు రుసుము పెట్టారు. మొత్తం బడ్జెట్‌లో అది చిన్న సొమ్మే. కానీ ఉచితం అన్న గోడకు ఒక ఇటుక తీస్తే మిగతావి ఆగవన్నది బెవన్ భయం. మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాతి ఏళ్లలో పార్టీ రెండు వర్గాలై కొట్లాడుకుంది. 1955లో నాయకత్వం గేట్‌స్కెల్‌కే దక్కింది. 1957లో అణ్వాయుధాలను బ్రిటన్ ఏకపక్షంగా వదులుకోకూడదని చెప్పి సొంత అనుచరులకే దూరమయ్యారు. 1959లో పార్టీ ఉపనాయకుడయ్యారు. అప్పటికే కడుపులో క్యాన్సర్. 1960 జూలై 6న, అరవై రెండేళ్లకే కన్నుమూశారు. తాను పెట్టిన వైద్య సేవకు పన్నెండేళ్లు నిండిన మర్నాడే అది. చితాభస్మాన్ని ట్రెడీగర్ పైనున్న కొండల్లో చల్లారు.

మనకు మిగిలిన ప్రశ్న

ట్రెడీగర్ కార్మికుల సంఘం ఊరిలో నూటికి 95 మందికి మేలు చేసింది. అక్కడితో తృప్తిపడి ఉంటే అది మంచి కులసంఘంలా, మంచి ఊరి సంఘంలా మిగిలేది. బెవన్ దాన్ని ఎవరో తెలియని, ఏ ఊరో తెలియని కోట్లమందికి తెరిచారు. దాని ధర కూడా ఉంది. 1948 తర్వాత ఊరి సంఘం చేతిలోని ఆస్పత్రి సర్కారుది అయిపోయింది. డాక్టరును తామే ఎన్నుకునే అధికారం కార్మికుల చేతి నుంచి జారింది. తమదన్న పేరు పోయి, పని మాత్రం దేశమంతా పాకింది.

షోలాపూర్ మగ్గాల దగ్గర, కోలారు గనుల్లో చెమటోడ్చిన తరాల వారసులం మనం. చందాలతో సత్రాలు, బడులు, సంఘాలు కట్టుకున్నాం. అవి మనవాళ్లకే ఉండాలా, చుట్టూ ఉన్న కన్నడిగులకు, తమిళులకు, ఒడియా, మరాఠీ ఇరుగుపొరుగుకూ తెరవాలా అన్న చర్చ మనకూ ఉంది. బెవన్ జీవితం ఒక జవాబు చెబుతుంది.

భాష విషయంలో మాత్రం ఆయన జవాబు మనకు సరిపోదు. వేల్స్ గని కార్మికుడి కష్టం, ఇంగ్లండ్ గని కార్మికుడి కష్టం ఒకటేనని, వేల్స్‌కు విడిగా ఏర్పాట్లు అక్కర్లేదని ఆయన చాలాకాలం వాదించారు. అదే కాలంలో జిమ్ గ్రిఫిత్స్ అనే మరో వేల్స్ గని కార్మికుడు ఉన్నారు. ఆయనా పదమూడేళ్లకే గనిలో దిగారు, అదే లేబర్ కాలేజీలో చదివారు. ఇంటి భాష వెల్ష్‌ను కడదాకా వదల్లేదు. జాతీయ బీమా చట్టం తెచ్చిన మంత్రి ఆయనే. అది కూడా 1948 జూలై 5నే అమల్లోకి వచ్చింది. వేల్స్‌కు ఒక మంత్రి ఉండాలని ఆయన పట్టుబట్టగా, 1959 ఎన్నికల ముందు బెవన్ అడ్డు చెప్పడం మానుకున్నారు. 1964లో ఆ పదవి ఏర్పడితే మొదటి మంత్రి గ్రిఫిత్సే.

అందరి కోసం పనిచేయడానికి ఇంటి భాషను వదులుకోనక్కర్లేదని గ్రిఫిత్స్ చూపించారు. ఇంటి చందాపెట్టెను లోకానికి తెరవడం ఎలాగో బెవన్ చూపించారు. 2007 ఏప్రిల్ 1 నుంచి వేల్స్‌లో మందుల చీటీకి రుసుము పూర్తిగా తీసేశారు. ఇంగ్లండ్‌లో అది ఇంకా ఉంది. ఆ నిర్ణయం తీసుకున్నది వేల్స్ సొంత శాసనసభ. బెవన్ కోరిన ఉచిత వైద్యానికి ఆయన సొంత గడ్డ మళ్లీ ఒక అడుగు దగ్గరైంది, ఒకప్పుడు ఆయన అక్కర్లేదన్న సొంత ఏర్పాటు వల్లే.