హార్వే కుషింగ్: వ్యాధికి పేరైన వైద్యుడు

వైద్యుల వంశంలో, పదిమంది సంతానంలో కడపటివాడుగా హార్వే కుషింగ్ 1869 ఏప్రిల్ 8న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించారు. 1895లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పొంది, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స అభ్యసించారు. మెదడుకు కత్తి తాకితే రోగి బ్రతకడం అరుదైన ఆ రోజులలో, ఆ చికిత్సను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు.

1910లో ఆయన వద్దకు 23 ఏళ్ళ యువతి వచ్చింది. ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, నెలసరి నిలిచిపోయి, తలనొప్పితో బాధపడుతున్నది. కుషింగ్ ఆమె సంగతిని 1912లో గ్రంథస్థం చేశారు. తరువాత ఇరవై ఏళ్ళు అటువంటి రోగుల వివరాలను ఓపికగా కూడబెట్టారు. 1932లో 12 మంది వృత్తాంతాలతో, మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలో పుట్టే చిన్న కంతి ఇందుకు మూలమని ప్రకటించారు. అప్పటికి కార్టిసాల్ అనే హార్మోను పేరైనా లోకమెరుగదు.

ఆ హార్మోను మితిమీరడమే ఈ వ్యాధి అని తరువాత తేలింది. ఆరోగ్యవంతులలో కార్టిసాల్ ఉదయం హెచ్చుగా ఉండి అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. ఈ రోగులలో తగ్గదు. కనుక రాత్రి 11, 12 గంటల మధ్య ఇంటివద్దనే దూదిచుట్టను నోట ఉంచుకొని, లాలాజలంతో తడిసిన దానిని ప్రయోగశాలకు పంపితే తొలి ఆచూకీ దొరుకుతుంది. సూదిపోటు లేదు. కనీసం రెండు రాత్రులు పరీక్షించాలి. రాత్రి పాళీ పనివారికి ఇది సరిపడదు. ఫలితం హెచ్చుగా వచ్చినంత మాత్రాన వ్యాధి నిర్ధారణ కాదు. తదుపరి పరీక్షలు తప్పవు.

అయితే ఈ రూపం కంతి వల్ల కంటే మందుల వల్లనే ఎక్కువగా వస్తుంది. కీళ్ళనొప్పులకో, ఆయాసానికో పేరు తెలియని మాత్రలు, సూదిమందులు నెలల తరబడి వాడితే, వాటిలోని స్టెరాయిడ్లు ముఖాన్ని అలాగే ఉబ్బిస్తాయి. అట్టివారిలో లాలాజల పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. వాడిన మందులన్నీ వైద్యునికి ముందే చూపాలి. ఆ మందును హఠాత్తుగా మానితే ప్రాణానికే ముప్పు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ చేరినప్పుడు కుషింగ్ అక్కడే ఆచార్యులు. తాను వ్రాసిన విలియం ఆస్లర్ జీవితచరిత్రకు 1926లో పులిట్జర్ బహుమతి పొందారు. 1939 అక్టోబరు 7న గుండెజబ్బుతో కన్నుమూశారు. శవపరీక్షలో ఆయన మెదడులోనే ఒక చిన్న తిత్తి బయటపడింది.