హృదయ ధర్మాన్ని దర్శించిన శాస్త్రవేత్త: ఎర్నెస్ట్ స్టార్లింగ్

మానవదేహంలో హృదయం వలె విశ్రాంతి ఎరుగని అవయవం అరుదు. రక్తం ఊపిరితిత్తుల మీదుగా గుండె ఎడమభాగానికి చేరుతుందని 13వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ నఫీస్ వివరించాడు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ సిద్ధాంతాన్ని లోకానికి వెల్లడించాడు. ఈ విధంగా రక్తం పయనించే మార్గం తెలిసింది. కాని ఆ రక్తాన్ని నెట్టే కండరం తన బలాన్ని అవసరానికి తగినట్లు ఏ విధంగా హెచ్చించుకుంటుందో చాలాకాలం తెలియలేదు. ఆ రహస్యాన్ని ఛేదించిన వారిలో అగ్రగణ్యుడు ఎర్నెస్ట్ హెన్రీ స్టార్లింగ్. గుండెపోటుకు నేడు జరుగుతున్న చికిత్సలోని ఆంతర్యం గ్రహించాలంటే ఈ మహనీయుని కృషిని తెలుసుకోవడం అవసరం.

స్టార్లింగ్ 1866 ఏప్రిల్ 17వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి బొంబాయిలో న్యాయశాఖకు చెందిన ప్రభుత్వోద్యోగి. స్వదేశానికి వచ్చి భార్యాబిడ్డలను చూడటం అరుదు. పిల్లల పెంపకమంతా తల్లి మీదనే పడింది. స్టార్లింగ్ పదహారవ ఏట గైస్ ఆసుపత్రి వైద్యవిద్యాలయంలో చేరాడు. వైద్యవృత్తిలో ధనార్జనకు అవకాశమున్నా, శరీరధర్మశాస్త్ర పరిశోధనకే తన జీవితాన్ని అంకితం చేశాడు. 1899లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్య పదవిని అలంకరించాడు. 1902లో తన సోదరి భర్త విలియం బేలిస్‌తో కలిసి, క్లోమరసాన్ని స్రవింపజేసే సెక్రిటిన్‌ను కనుగొన్నాడు. నేడు అందరి నోట వినవచ్చే హార్మోన్ అనే పదాన్ని 1905లో వ్యాప్తిలోకి తెచ్చినవాడు కూడ ఈయనే.

అనంతరం ఆయన దృష్టి హృదయం మీదికి మళ్ళింది. మత్తుమందిచ్చిన కుక్క గుండెను, ఊపిరితిత్తులను మాత్రం పనిచేయనిచ్చి, మిగిలిన దేహానికి వెళ్ళే రక్తాన్ని గొట్టాల గుండా మళ్ళించే ఒక అమరికను సహచరులతో కలిసి రూపొందించాడు. గుండెకు చేరే రక్తాన్ని పెంచి చూశాడు. గుండెగది మరికొంత సాగి, మరింత బలంగా ముడుచుకొని, వచ్చిన అధిక రక్తాన్నంతటినీ బయటికి పంపింది. నాడుల ఆజ్ఞ లేకుండానే ఈ పని జరిగింది! ముడుచుకోవడానికి పూర్వం కండరతంతువు ఎంత సాగితే, ఒక హద్దు వరకు, అంత శక్తితో ముడుచుకుంటుందనేది ఆయన ప్రతిపాదించిన సూత్రం. 1915లో కేంబ్రిడ్జిలో ఈ విషయంపై ప్రసంగించాడు. ఆ ప్రసంగం 1918లో అచ్చయింది. జర్మన్ శాస్త్రవేత్త ఒటో ఫ్రాంక్ 1895లోనే కప్ప గుండెపై జరిపిన పరిశోధనలు దీనికి పునాది. అందుచేతనే ఇది ఫ్రాంక్–స్టార్లింగ్ సూత్రంగా ప్రసిద్ధి చెందింది.

ఇక గుండెపోటులో జరిగేదేమి? హృదయధమని మూసుకొనిపోతే, దానిపై ఆధారపడిన కండరం కొద్ది సెకన్లలోనే ముడుచుకోవడం మానుతుంది. సకాలంలో రక్తం అందకపోతే ఆ కణాలు మరణించి, కొన్ని వారాలలో ఆ చోట మచ్చ ఏర్పడుతుంది. మచ్చకు ముడుచుకునే శక్తి లేదు. మిగిలిన కండరం స్టార్లింగ్ చెప్పిన ధర్మాన్ని అనుసరించి సాగి, లోటును కొంతవరకు పూడ్చుతుంది. ఆదిలో ప్రాణాన్ని కాపాడేది ఈ సాగుదలయే. కాని నెలలు గడిచేకొద్దీ గది విశాలమై, గోడ మీద ఒత్తిడి అధికమై, గుండె క్రమంగా క్షీణిస్తుంది. రక్షించిన గుణమే భక్షించేదిగా మారుతుంది.

అలసిన గుండెను మరింత గట్టిగా ముడుచుకొనేట్లు చేస్తే మేలని వైద్యలోకం చాలాకాలం ఆశించింది. అటువంటి మిల్రినోన్ అనే మందును నోటి ద్వారా వాడిన తీవ్ర రోగులలో మరణాలు 28 శాతం హెచ్చినట్లు 1991లో వెల్లడైంది. మరుసటి సంవత్సరం, గుండెపోటు వల్ల గుండెబలం తగ్గిన 2,231 మందిపై జరిగిన సేవ్ అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. రక్తనాళాలను సడలించి గుండెభారాన్ని తగ్గించే క్యాప్టోప్రిల్ వారిలో మరణాలను 19 శాతం తగ్గించింది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు బలహీన హృదయులకు ఆయువు పోస్తాయని 1999 నాటి అధ్యయనాలు నిరూపించాయి. బండి లాగలేక చతికిలబడిన ఎద్దును ములుకోలతో పొడిచి ప్రయోజనమేమి? బస్తాలు కొన్ని దింపితే అదే లేచి నడుస్తుంది.

మరణించిన కండరాన్ని మూలకణాలతో తిరిగి మొలిపించే ప్రయత్నాలు సాగుతున్నా, అవి సామాన్య చికిత్సగా ఇంకా స్థిరపడలేదు. కనుక మూసుకొనిన ధమనిని సత్వరం తెరిపించి, ఉన్న కండరాన్ని కాపాడుకోవడమే ప్రథమ కర్తవ్యం. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం కనిపించినప్పుడు అజీర్ణమని ఉపేక్షించి గంటలు గడపడం ప్రాణాంతకం కావచ్చును.

స్టార్లింగ్ నిర్మొహమాటి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విషవాయువుల నుండి రక్షణకు, తరువాత దేశ ఆహార సమస్య పరిష్కారానికి శ్రమించాడు. శాస్త్రజ్ఞానం కొరవడిన పాలకులను బాహాటంగా విమర్శించాడు. సర్ బిరుదు గాని, నోబెల్ బహుమానం గాని ఆయనను వరించలేదు. 1920లో పెద్దప్రేగుకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కూడ పరిశోధన మానలేదు. మూత్రపిండాలపై అధ్యయనం సాగించాడు. ఆరోగ్యం కోసం ఓడప్రయాణం చేస్తూ, 1927 మే 2వ తేదీన జమైకాలోని కింగ్‌స్టన్ రేవు సమీపంలో కన్నుమూశాడు.

పైన పేర్కొన్న మందులలో ఒక్కటైనా ఆయన ఎరుగడు. గుండె తన భారాన్ని ఎట్లు మోస్తుందన్నదే ఆయన వేసుకున్న ప్రశ్న. భారమెంతో తెలిసిన పిదపనే దానిని దింపే మార్గం వైద్యులకు గోచరించింది. పరీక్షలలో సమాధానాలు వ్రాయడంతోపాటు సరియైన ప్రశ్న వేయడం కూడ విద్యయేనని ఆయన జీవితం విద్యార్థిలోకానికి బోధిస్తున్నది.