వానల తీరు పరిశీలించిన అల్‌బీరూనీ

ఇవాళ కురిసిన వాన వాతావరణం. ఏటేటా ఏ నెలలో ఎంత కురుస్తుందన్నది ఆ ప్రాంతపు శీతోష్ణస్థితి. ఈ రెంటినీ మనం తరచూ ఒకటిగానే భావిస్తాం.

అబూ రైహాన్ అల్‌బీరూనీ 973లో ఖ్వారజ్మ్‌లో జన్మించారు. 1017లో ఆ రాజ్యాన్ని జయించిన సుల్తాన్ మహమూద్ ఆయనను గజ్నీకి తీసుకుపోయాడు. సొంతగడ్డ దూరమైనా ఆయన విద్యను విడువలేదు. సంస్కృతం నేర్చి, పండితులను అడిగి తెలుసుకుని, 1030 ప్రాంతంలో భారతదేశంపై మహాగ్రంథం రాశారు.

అందులో వానల ప్రస్తావన ఉంది. ముల్తాన్‌లో వర్షాకాలమే లేదనీ, ఉత్తరాన కొండల చేరువలో మాత్రం ఉందనీ ఆయన గుర్తించారు. బరువైన మేఘాలు కొండలను ఢీకొని అక్కడే కురుస్తాయి కనుక ఆవలనున్న కాశ్మీరుకు ఆ వానలు అందవని కారణం చెప్పారు. తేమగాలి కొండనెక్కి చల్లబడి కురుస్తుందనీ, ఆవలివైపు పొడిగా మిగులుతుందనీ నేటి శాస్త్రం వివరిస్తోంది. పడమటి కనుమల చాటున ఉన్న మన అనంతపురం వానకు ముఖం వాచడానికీ ఇదే ముఖ్య కారణం.

ఒక్క ఏడు వాన తప్పితే శీతోష్ణస్థితి మారిందనలేం, ఒక్క ఏడు బాగా కురిస్తే కరువుసీమ కష్టం తీరిందనీ అనలేం. అందుకు కనీసం 30 ఏళ్ల లెక్కలు చూడాలి. 1050 ప్రాంతంలో గజ్నీలో కన్నుమూసిన ఆ విద్వాంసుని జీవితం మనకు నేర్పేదీ ఈ ఓపికే.