న్యాయమునకు దయ నేర్పిన బెక్కారియా

ఇటలీ దేశమునందలి మిలాన్ నగరములో, ఒక క్షురకుని ఇల్లు పడగొట్టిన చోట, ఒక స్తంభము నూరు సంవత్సరములకు పైగా నిలిచియుండెను. 1630లో ప్లేగు వ్యాధి ఆ నగరమును పీడించినప్పుడు, ఎవరో గోడలకు విషలేపనము పూసి రోగమును వ్యాపింపజేయుచున్నారని జనులు నమ్మిరి. జాన్ జాకొమో మోరా అను క్షురకుడును, గుల్యెల్మో పియాజ్జా అను ఆరోగ్యోద్యోగియు పట్టుబడిరి. చిత్రహింసలకు తాళలేక వారు చేయని నేరమును ఒప్పుకొనిరి, ఘోరముగా చంపబడిరి. వారి అపకీర్తిని చాటుటకై పాలకులు నెలకొల్పినదే ఆ స్తంభము.

ఆ నగరమునందే 1738 మార్చి 15న చెజారే బెక్కారియా ఒక ప్రభువంశమున జన్మించెను. పార్మాలో జెసూయిట్ గురువులకడ చదివి, 1758లో పావియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రపట్టమును పొందెను. 1761లో తండ్రి మాటను కాదని తెరేసా బ్లాస్కోను వివాహమాడెను. స్వభావముచే ఇతడు బిడియస్థుడు. వ్రాయుటయందు మిక్కిలి మందగామి. పియెత్రో వెర్రి, అలెస్సాండ్రో వెర్రి అను సోదరులు ఇతనికి ఆప్తమిత్రులు. అలెస్సాండ్రో ఖైదీల యోగక్షేమములను విచారించు పదవియందుండి, కారాగృహముల దుస్థితిని కన్నులార చూచినవాడు. ఈ మిత్రుల ప్రోత్సాహముననే బెక్కారియా నేరములను గూర్చియు, శిక్షలను గూర్చియు వ్రాయ పూనుకొనెను.

నాటి న్యాయవిధానము ప్రకారము ఘోరనేరమును రుజువుచేయుటకు ఇద్దరు ప్రత్యక్షసాక్షులు గాని, నిందితుని ఒప్పుదల గాని కావలసియుండెను. సాక్షులు లేనిచోట ఒప్పుదలను రాబట్టుటకై, చేతులు వెనుకకు విరిచికట్టి త్రాటితో పైకి లాగుట మొదలగు హింసలు చట్టసమ్మతములై యుండెను. ఈ పద్ధతివలన దేహబలముగల దోషి తప్పించుకొనుననియు, బలహీనుడగు నిర్దోషి శిక్షింపబడుననియు బెక్కారియా నిరూపించెను. శిక్ష పగతీర్చుకొనుటకు కాదనియు, నేరములను నివారించుటకే యనియు, శిక్ష యొక్క క్రౌర్యముకంటె అది తప్పదను నిశ్చయమే జనులను అదుపులో నుంచుననియు వాదించెను. ధనికునికిని పేదకును ఒకే శిక్ష యుండవలెననెను. మరణశిక్ష అవసరము కాదనెను. అయితే దానికి బదులుగా ఇతడు సూచించిన యావజ్జీవ కఠినశ్రమయు తేలికైనది కాదని మనము గుర్తింపవలెను.

ఈ గ్రంథము 1764లో టస్కనీ రాజ్యమునందలి లివోర్నో పట్టణమున, రచయిత పేరు లేకయే, అచ్చయ్యెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియారు సంవత్సరములు. 1766లో చర్చి దీనిని నిషిద్ధగ్రంథముల పట్టికలో చేర్చెను. ఆ యేడే ఫ్రాన్సులో వోల్టేరు దీనికి వ్యాఖ్య వ్రాసెను. పారిస్ పండితులు ఆహ్వానింపగా బెక్కారియా వెళ్లెను గాని, ఇంటిపై బెంగ పెట్టుకొని, తోడువచ్చిన అలెస్సాండ్రోను విడిచి త్వరలోనే మరలివచ్చెను. ఇందువలన మిత్రులతో వైమనస్యము కలిగెను. పిమ్మట 1768లో మిలాన్‌లో ఆచార్యపదవిని, 1771లో ప్రభుత్వోద్యోగమును స్వీకరించి, నిరాడంబరముగా కాలము గడపెను.

సభలో నిలువ జంకిన యా మనుష్యుని మాటలు మాత్రము రాజాస్థానములకు చేరినవి. 1786లో టస్కనీ పాలకుడగు లియోపోల్డు చిత్రహింసను, మరణశిక్షను రద్దుచేసెను. 1790లో కొన్ని నేరములకు మరణశిక్ష మరల వచ్చినను, మార్గము తెరువబడినది. 1792లో లొంబార్దీ శిక్షాస్మృతిని సంస్కరించు సంఘమున సభ్యుడై బెక్కారియా మరల మరణశిక్షను వ్యతిరేకించెను. తీర్పరులు పొరబడినచో, పోయిన ప్రాణమును తిరిగి తెచ్చుట అసాధ్యమని అతని వాదము. 1794 నవంబరు 28న అతడు మరణించెను.

మిలాన్‌లోని ఆ స్తంభము అతడు జీవించియుండగనే, 1778లో, కూల్చబడెను. నిరపరాధులైన ఆ యిరువురి కథను తరువాత అతని దౌహిత్రుడగు అలెస్సాండ్రో మాంజోనీ సవిస్తరముగా వ్రాసెను. రాతిపై చెక్కిన అసత్యము నేలగూలినది. బిడియస్థుడొకడు వ్రాసిన చిన్నపుస్తకము నిలిచినది. గ్రంథాలయమును పోషించువారికి ఇంతకుమించిన ధైర్యవచనము వేరొకటి యుండునా?