లివర్‌పూలు పేదల ఆసుపత్రిలో ఆగ్నెస్ జోన్సు

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో లేడు. చేత దీపముబట్టుకొని గాయపడిన సిపాయిల మంచముల నడుమ తిరుగుచున్న ఆ దొరసాని పటమును చిన్న తరగతుల పిల్లలు సయితము గుర్తింపగలరు. అయితే ఆ నైటింగేలు తన విద్యాలయమున శిక్షణపొందిన స్త్రీలలో మిక్కిలి మెచ్చుకొన్న ఆగ్నెస్ ఎలిజబెత్ జోన్సు కథ ఇచట చెప్పువారు అరుదు. నర్సుల చరిత్రము నెరిగినవారికి ఈమె పేరు కొత్తది కాదు. ఈమె యుద్ధభూమికి పోలేదు. ఒక రేవుపట్టణమందలి పేదల ఆసుపత్రిలో, త్రాగి తగవులాడు రోగుల మధ్యను, తన యధికారమును సహింపని పైవాని క్రిందను దాదాపు మూడేండ్లు పనిచేసి, అచ్చటనే ప్రాణములు విడిచెను. మన బాలికలలో నర్సు శిక్షణకు పోగోరువారు కలరు. వారిని పంపుటకు వెనుదీయు తలిదండ్రులును కలరు. ఉభయులును ఎరుగదగిన కథ యని తోచి దీనిని వ్రాయబూనితిమి.

ఆగ్నెస్ 1832వ సంవత్సరము నవంబరు 10వ తేదీని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున జన్మించెను. తండ్రి సైన్యములో లెఫ్టినెంటు కర్నలు. వారి నివాసము ఐర్లండు దేశపు ఉత్తరభాగమున, లాఫ్ స్విల్లీ యను సముద్రపుపాయ యొడ్డుననున్న ఫాహన్ గ్రామము. తండ్రి పటాలముతోపాటు ఆమె బాల్యములో కొన్ని యేండ్లు మారిషసు ద్వీపమున గడచినవి. పందొమ్మిదవ శతాబ్దమున మన తెలుగు కూలీలు ఓడలెక్కి చెరకుతోటల పనికి పోయిన దీవి యదియే. 1850లో తండ్రి గతించెను.

1853లో కుటుంబముతో ఐరోపాఖండమున సంచరించునపుడు ఆమె జర్మనీలో రైను నదియొడ్డున కైజర్స్‌వర్తు అను గ్రామమును చూచెను. అచ్చట ఫ్లీడ్నరు అను పాదిరి 1836లో స్త్రీలకు రోగిసేవ నేర్పు సంస్థను స్థాపించియుండెను. నైటింగేలు కూడ అందు కొన్నాళ్లు నేర్చినదే. ఆగ్నెస్ మనస్సు ఆ పనియందు నాటుకొనెను. కాని ఆ కాలమున నర్సు పనికి గౌరవము లేదు. చదువుసంధ్యలు లేనివారును, వేరు పని దొరకనివారును చేయు కూలిపనిగా దాని నెంచుచుండిరి. కర్నలుగారి కుమార్తె ఆ పనికి పోవుట బంధువులకు రుచించునది కాదు. ఏడేండ్లు గడచినపిమ్మట 1860లో ఆమె కైజర్స్‌వర్తునకు పోయి పని నేర్చుకొనెను. 1862లో లండనులో సెయింటు థామసు ఆసుపత్రియందలి నైటింగేలు విద్యాలయమున చేరి, ఆ శిక్షణ ముగించి, ఆ నగరమందే మరియొక ఆసుపత్రిలో వార్డుల బాధ్యత వహించెను. ఇంతవరకు ఆమె జీవితము అట్టి స్త్రీలు పలువురి జీవితమువంటిదే. ఇకమీది మూడేండ్లకొరకే మనమామెను తలచుకొనుచున్నాము.

లివర్‌పూలు ఇంగ్లండు పడమటితీరమందలి గొప్ప రేవు. ఐర్లండులో బంగాళాదుంప పైరు తెగులుతగిలి కరవు వచ్చినపుడు, 1847వ సంవత్సరమొక్కదానియందే దాదాపు 3,00,000 మంది ఐర్లండువారు ఆ రేవున దిగిరి. వారిలో అనేకులు అమెరికాకు సాగిపోయిరి. ఓడకూలి లేనివారు అచ్చటి మురికిసందులలోను నేలమాళిగలలోను నిలిచిపోయిరి. ఇంగ్లండులో 1834వ సంవత్సరపు చట్టము ప్రకారము నిరుపేదకు సహాయము కావలెనన్న, సామాన్యముగా వాడు పేదలశాలలో చేరవలసినదే. అచ్చటి బ్రతుకు బయటి నికృష్టపు కూలివాని బ్రతుకుకంటె హీనముగా నుండవలెనని ఆ చట్టము చేసినవారి యుద్దేశము. అట్లైనగాని సోమరులు దూరముగా నుండరని వారి తలంపు. సోమరి నేమో గాని రోగిని ఆ నియమము చంపెను. పనిచేయలేక పేదలశాలకు వచ్చువారిలో ముసలివారు, క్షయరోగులు, జ్వరపీడితులు, కాలుసేతులు విరిగినవారు మెండు. బ్రౌన్‌లో హిల్లు అను వీధిలోని లివర్‌పూలు పేదలశాల ఆ దేశమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. దాని ఆసుపత్రి భాగమందే 1200 మందికి పైగా రోగులుండిరి.

వారికి ఉపచారము చేసినవారెవరు? జీతపు నర్సులు కారు. ఆ శాలలోనే తిండికొరకు చేరిన పేదస్త్రీలు. అందు చదువురానివారు, త్రాగుడుమరిగినవారు, ఎక్కువమంది. రోగికి వైద్యుడు బలమునకై వ్రాసియిచ్చిన సారాయి రోగి నోటికి చేరునంతవరకు నిలుచుట దుర్లభము. రోగులు తొడిగిన చొక్కాను ఏడు వారములు విప్పక ధరించుచుండిరి. పడకబట్టలు నెలకొకసారి మాత్రము ఉతుకబడుచుండెను. ఆహారము ఆకలి తీరనంత స్వల్పము. కొన్ని వార్డులలో కొట్లాటలు మితిమీరుటచే శాంతిని నిలుపుటకు పోలీసులు తిరుగుచుండిరి! ఆసుపత్రిలో మంచముల నడుమ నర్సునకు మారుగా పోలీసు జవాను నడచుట ఎట్టి దృశ్యమో చదువరులే యూహించుకొందురుగాక.

ఆ పట్టణమున విలియం రాత్‌బోను అను వర్తకుడు కలడు. 1859లో అతని భార్య వ్యాధిచే మరణించెను. అంత్యదినములలో ఆమెకు ఉపచారము చేసిన నర్సు నైపుణ్యమును చూచి, ధనికుని యింటనే ఇంత యక్కరయైన యీ సహాయము, పేదయింట లేకున్న రోగి గతియేమని యతడు చింతించి, ఆ నర్సునే పేదల యిండ్లకు పంపెను. పిమ్మట నర్సులకు శిక్షణాలయము కట్టించెను. 1864లో అతని దృష్టి పేదలశాల ఆసుపత్రిపై బడెను. శిక్షితులైన నర్సులను తెచ్చినచో మూడేండ్లవరకు ఖర్చు తానే భరింతునని పాలకసభకు మాటయిచ్చి, నైటింగేలుతో ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. నాయకురాలుగా నేరుకొనబడినది ఆగ్నెస్ జోన్సు. 1865 వసంతమున ఆమె లివర్‌పూలు చేరెను. ఆ మేనెలలో లండనునుండి 12 మంది శిక్షిత నర్సులు వచ్చిరి. వారికి తోడు 18 మంది శిక్షణార్థినులు, స్వల్పజీతముపై 54 మంది పేదలశాల స్త్రీలు. మొదట మగరోగుల వార్డులు మాత్రమే వారికి అప్పగింపబడెను.

వచ్చినవారికి తొలుత ఎదురైనది కృతజ్ఞత కాదు. ఆ వార్డులలోని మనుష్యులు నావికులు, రేవుకూలీలు, వీధులలో బ్రదికినవారు. బలవంతుడు బలహీనుని కూడు లాగుకొను చోట నెగ్గుకొనివచ్చినవారు. నిత్యము త్రాగువానికి త్రాగుడు హఠాత్తుగా నిలిచినచో ఒడలు వణకి, మతిచలించి, లేనివానిని చూచి కేకలువేయునని వైద్యు లెరుగుదురు. టైఫసు జ్వరమునను అట్టి సన్ని కలుగును. అట్టివాడు దగ్గరకు వచ్చిన చేతిని కొట్టిన, తప్పు వానిది కాదు. కాని దెబ్బ తిన్న నర్సునకు అది దెబ్బయే. సన్నిపాతము లేకయే కొట్టువారును తిట్టువారును వేరుగా నుందురు. ఈ రెండు తెగలను ఒక్కటిగా చూచి, అన్నిటిని సహించుటయే సేవాధర్మమని దూరమునుండి బోధించువారి మాట మాకు సమ్మతము కాదు. ఆగ్నెస్ జోన్సు కేవలము సహించి యూరకుండెనని చెప్పుట ఆమెకు చేయు అన్యాయము.

ఆమె చేసినదేమన: మంచములు శుభ్రముచేయించుట, బట్టలు మార్పించుట, తిండి వేళకు వచ్చునట్లును రోగి చేతికే చేరునట్లును చూచుట, ప్రతి వార్డున బాధ్యతగల యొక నర్సును నిలుపుట. త్రాగివచ్చిన పేదస్త్రీలను ఆమె దిద్దజూచెను. జీతము చేతబడిన దినముననే తిరిగి త్రాగి వచ్చిన పలువురను తీసివేయవలసివచ్చెను. పేదలశాల స్త్రీలకు కొద్ది జీతమిచ్చి నర్సులను చేయవచ్చునన్న ఆలోచన అచ్చటితో విఫలమయ్యెను. ఆదివారములు ఆమె నర్సులకును రోగులకును బైబిలు చదివి వినిపించుచుండెను. మతభక్తి యామెకు మెండు. అయినను ఆ వార్డులను మార్చినది ముఖ్యముగా ఉతికిన బట్టయు, వేళకు దొరకిన గంజియు, రేయి పిలిచినపుడు పలుకు మనిషియు నని మేము తలంచుచున్నాము. ఆకలిగొని, మురికిలో పడియుండి, పిలిచిన పలుకు లేనివాడు కోపిష్ఠి యగుట వింతకాదు. కొంతకాలమున కా వార్డుల నెమ్మదిని చూచి పోలీసులే ఆశ్చర్యపడిరని నైటింగేలు వ్రాసియున్నది.

రోగులను గెలిచినంత సులభముగా ఆమె అధికారులను గెలువలేకపోయెను. చట్టము ప్రకారము పేదలశాలకంతకును ప్రభువు దాని గవర్నరు. అతడు తన మట్టున కష్టపడి పనిచేయువాడే గాని, తన యిల్లువంటి ఆ శాలలో ఒక స్త్రీకి, అందును లండనునుండి వచ్చిన స్త్రీకి, ప్రత్యేకాధికారముండుట అతనికి గిట్టలేదు. నర్సుల మంచిచెడ్డలు నర్సుల పెద్దయే చూడవలెనని నైటింగేలు పట్టుదల. శాలలోని ప్రతి మనిషి తన యాజ్ఞకే లోబడవలెనని గవర్నరు పట్టుదల. రోగియో పేదస్త్రీయో అవిధేయత చూపినపుడు శిక్షించు హక్కెవరిది, సామాను లేదన్నపుడు ఎవరినడుగవలెను అను విషయము తేలక యుండెను. వార్డున జరుగుదానికి బాధ్యత ఆమెది. దానిని సరిచేయు అధికారము వేరొకనిది. ఇట్టి ఏర్పాటునందు దెబ్బలు తినువారొకరు, విచారణచేయువారు వేరొకరు. ఇద్దరును రాత్‌బోనునకును నైటింగేలునకును ఫిర్యాదులు వ్రాసిరి. వారు పలుమారులు మధ్యవర్తులై సర్దిచెప్పవలసివచ్చెను. ఆగ్నెస్‌ది కూడ మెత్తని స్వభావము కాదు. కర్తవ్యమని తోచినదానియందు అణుమాత్రము సడలింపనిది. ఇద్దరిలో నెవరు సౌమ్యులైనను తగవు సగము తగ్గియుండెడిది. మిగిలిన సగము ఆ యేర్పాటులోనే యున్నది.

ఆమె తెల్లవారకముందే లేచి, రాత్రి పొద్దుపోవువరకు వార్డులలోనే యుండెడిది. 1867–68 చలికాలమున రోగుల సంఖ్య 1300 దాటెను. పనివారిని పెంచవలసినది పాలకసభ. పెంచనందున కలిగిన లోటును ఆమె తన నిద్రతో పూడ్చుచుండెను. అట్లు అలసియున్న శరీరమునకు టైఫసు సోకెను. 1868 ఫిబ్రవరి 19వ తేదీని, తన 35వ యేట, ఆగ్నెస్ జోన్సు ఆ పేదలశాలలోనే మరణించెను. టైఫసు బట్టలలోని పేలచే వ్యాపించునని ఆమె నాటికి ఎవరికిని తెలియదు. షార్లు నికోలు అను ఫ్రెంచి వైద్యుడు 1909లో దానిని కనిపెట్టెను. ఏడు వారములు మార్చని చొక్కా సంగతి ఇచట చదువరులకు జ్ఞాపకము రావలెను.

నైటింగేలు ఆ వేసవియందే ఒక పత్రికలో ఆమెనుగూర్చి వ్యాసము వ్రాసెను. 1871లో ఆగ్నెస్ సోదరి ప్రకటించిన జీవితచరిత్రమునకును ఆ వ్యాసమే పీఠికయయ్యెను. ఆమె మరణించునాటికి ఆమె క్రింద నర్సులు, శిక్షణార్థినులు కలిసి యేబదిమందికి పైగానుండిరి. శిక్షిత నర్సులవలన దయయే గాక పొదుపును కలుగునని లివర్‌పూలు పాలకసభకు నమ్మకము కుదిరెను. 1867లో లండను పేదల రోగశాలలను పేదలశాలలనుండి వేరుచేయుటకు చట్టము వచ్చెను. పేదలశాలలలో అచ్చటి పేదలనే నర్సులుగా నియమింపరాదను ఆజ్ఞ మాత్రము 1897 వరకు వెలువడలేదు. ఆమె చనిపోయి అప్పటికి ఇరువదితొమ్మిదేండ్లు!

మన ప్రాంతమున సంగతి యొకటి చెప్పవలసియున్నది. వైద్యులపైనను నర్సులపైనను చేయిచేసికొనుట, ఆసుపత్రి సామాను పగులగొట్టుట శిక్షార్హమని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 2008లో ప్రత్యేక చట్టము చేసెను. కోవిడు కాలమున, 2020లో, అంటువ్యాధుల చట్టమును భారత ప్రభుత్వము సవరించి, అట్టి దౌర్జన్యము చేసినవానికి కఠినశిక్ష విధించెను. ఇవి మంచివే. అయినను కొట్టినవానిని పట్టుకొను చట్టము, నిండిన వార్డున రాత్రివేళ ఒంటరిగా నిలుపబడిన నర్సుకు రెండవ మనిషిని తెచ్చియియ్యదు. ఆ పని యాజమాన్యముది. కుమార్తెను ఈ వృత్తికి పంపు తండ్రి జీతమెంతయని యడుగునట్లే, రేయి వార్డున ఎందరుందురనియు, కష్టము వచ్చినపుడు ఆమె మాట వినువారెవరనియు అడుగుట మర్యాదకు లోపము కాదు.

ఆగ్నెస్ శరీరమును ఐర్లండునకు కొనిపోయి, ఫాహన్ గ్రామమున సమాధిచేసిరి. బ్రౌన్‌లో హిల్లు పేదలశాలను 1928లో మూసివేసిరి. ఆ స్థలమును రోమను కతోలికులు 1930లో కొనిరి. ఇప్పుడు వారి పెద్ద దేవాలయము అచ్చట నున్నది. దానికి కొంతదూరమున నున్న ఆంగ్లికన్ దేవాలయపు కన్యకామందిరములో గొప్ప స్త్రీల బొమ్మలుగల రంగుటద్దముల కిటికీలు కలవు. వానిలో ఆగ్నెస్ జోన్సు బొమ్మయు నొకటి.